గొర్రెలు మేసిన ప్యాకింగు

పోయిన వారం పద్మప్రియను మనం కంపెనీ యజమాని రామకృష్ణయ్య గది గుమ్మంలో వదిలిపెట్టి వచ్చాం. ఆమెకు అక్కడ గెలుపూ దక్కలేదు, ఓటమీ దక్కలేదు. దక్కింది పరీక్షగా ఒక్క లారీ లోడు.

రాప్తాడు దాటాక హైవే పక్కన బోరు మోటార్లకు స్టార్టర్లు తయారు చేసే ఆ కంపెనీలో పద్మప్రియ కొనుగోళ్ల పని చూస్తుంది. స్టార్టర్ లోపల బిగించే పింగాణీ ఫ్యూజులు మడకశిర నుంచి, హనుమంతప్ప బట్టీ నుంచి వస్తాయి. ఫ్యూజుల చుట్టూ థర్మకోల్, దాని చుట్టూ పాలిథిన్, ఆ పైన అట్టపెట్టె. ఫ్యూజులు షెడ్డులోకి పోతాయి. మిగిలిందంతా వెనక గోడ మీదుగా వంకలో, ఆ ఎండిన వాగులో పడుతుంది. వంకకు అవతలి ఊరే పద్మప్రియది. ఆ వంకలో మేసిన తన తండ్రి బయ్యన్న గొర్రె కడుపు ఉబ్బి చచ్చిపోయిన రోజు నుంచి ఆమె ఒకటే మాట పట్టుకుంది. థర్మకోల్ వద్దు, వేరుశనగ కట్టె వాడదాం అని.

కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు తీగ అది. పశువులకు మేత. కుండలు బండికెత్తేవాళ్లు అడుగున గడ్డి పరిచినట్టు, పాత టమోటా పెట్టెల్లో కట్టె పరిచి ఫ్యూజులు పేర్చుదాం. సరుకు దిగాక పెట్టెలు అదే లారీలో మడకశిరకు తిరిగి పోతాయి, కట్టె పశువులకు పోతుంది, వంకకు ఏమీ పోదు. ఇదీ ఆమె మాట. వరుసగా మూడో ఏడు వానలు ఎగ్గొట్టి రాప్తాడు పక్క మేతకు కటకటలాడుతుంటే, మడకశిర పక్క మాత్రం నాలుగు చినుకులు పడి కాస్త కట్టె మిగిలింది. మేత ఎటూ ఆ పక్కనుంచి ఈ పక్కకు రావాల్సిందే కదా, ఫ్యూజులను మోసుకుంటూ రానీ అంది.

రామకృష్ణయ్య కొడుకు భరత్‌కుమార్‌కు ఈ మాట నచ్చలేదు. బెంగళూరులో ఒక కంపెనీ ఉంది, ఒక్కో ఫ్యూజుకు ఒక్కో థర్మకోల్ గూడు కట్టి పంపిస్తుంది, ఆర్డరు వాళ్లకే ఇద్దామన్నాడు. పెద్దాయన ఇద్దరి మాటా విని పందెం లాంటి షరతు పెట్టాడు. మామూలు లోడులో పగిలిన ఫ్యూజులు వేస్తే ఒక ఇనప బాండ్లి నిండి పైకి గోపురం తేలుతుంది. కట్టెలో వచ్చే లోడుకు బాండ్లి అంచుదాకా నిండితే ఆర్డరు బెంగళూరుకు పోతుంది. నిండకపోతే పద్మప్రియ మాట నెగ్గినట్టు.

ఆర్డరు పోతే హనుమంతప్ప బట్టీ ఆరిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ, "నీ మాట మింద కట్టె పరుస్తాండా తాయీ" అన్నాడు. అందుకే పద్మప్రియ ఈ పొద్దున్నుంచి గేటు వదలలేదు.

* * *

ఎండ నెత్తికెక్కింది. లారీ జాడ లేదు.

గేటు దగ్గర వేపచెట్టు నీడలో పద్మప్రియ నిలబడి ఉంది. షెడ్డులో సరుకు దించి విప్పే పని చేసే నాగలక్ష్మమ్మ గడప మీద కూర్చుని వక్కాకు నములుతోంది.

"ఏం పాపా, పెండ్లికొడుకు వచ్చే దావ చూసినట్ల చూస్తాండావే."

"పెండ్లికొడుకైతే ఇంతసేపు చూడను లే అక్కా. ఇంట్లోకి పోయి పడుకుందును."

"అట్లంటావు గానీ, పొద్దున్నించి నువ్వు ఆడ నిలబడి నిలబడి ఆ చెట్టు కన్నా ఎండిపోయినావు. రా, కూచో."

భరత్‌కుమార్ ఆఫీసు వరండాలోంచి దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సెల్‌ఫోను. రోడ్డు వైపు ఒకసారి చూశాడు, ఫోను వైపు ఒకసారి చూశాడు.

"పొద్దున్నే దిగుతుందంటివి పద్మప్రియా. యాడుంది నీ లారీ?"

"వస్తాది సార్. సుంకన్నను నిదానంగా తోలమని నేనే చెప్పినా."

"నిదానంగా అంటే నడిపించుకొని వస్తాండాడేమో."

ఆయన మళ్లీ రోడ్డు వైపు చూశాడు. పెనుకొండ వైపు, బెంగళూరు వైపు, చాలా దూరం చూశాడు. హనుమంతప్ప లోడు కోసం ఈయనకు ఇంత ఆత్రం ఎందుకో పద్మప్రియకు అర్థం కాలేదు. ఓడిపోతే చూద్దామని కాబోలు అనుకుంది.

నాగలక్ష్మమ్మ ముందు లేచింది. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వస్తాందే పాపా. మన సుంకన్న బండే. అయితే ఎనకాల ఏందో తెల్లగా వస్తాందే."

"పొగేమో."

"పొగ అరుస్తాదా?"

అరుస్తోంది. లారీ నత్తలాగా వస్తోంది, దాని వెనక దుమ్ములో ఒక గొర్రెల మంద పరుగెత్తుకుంటూ వస్తోంది. ఆ మంద వెనక గొంగడి భుజాన వేసుకుని, కర్ర ఊపుతూ ఒక ముసలాయన. లారీ గేటులోకి తిరిగింది. వాచ్‌మన్ గేటు మూయబోయాడు, ఈలోపే సగం మంద లోపలికొచ్చేసింది. లోపలి సగం, బయటి సగం ఒకదాన్నొకటి పిలుచుకుంటూ అరవడం మొదలుపెట్టాయి. షెడ్డులో పని చేసేవాళ్లందరూ చేతిలో పని చేతిలోనే పెట్టుకుని బయటికొచ్చారు.

ముసలాయన గేటు సందులోంచి దూరి నేరుగా డ్రైవరు తలుపు దగ్గరికి పోయాడు.

"ఏమప్పా డ్రైవరూ, మేత చూపిచ్చి నా గొర్లను యాడికి తోలకపోతాండావు?"

సుంకన్న దిగాడు. ముఖం కందగడ్డలా ఉంది. "నేను తోలినానా పెద్దాయనా? అవే నన్ను తరుముకోనొచ్చినాయి. ఇన్నేండ్ల సర్వీసులో నన్ను పోలీసులు తరిమినారు, అప్పులోళ్లు తరిమినారు. గొర్లు తరమడం ఈ పొద్దే చూసినా."

"ఏం జరిగింది సుంకన్నా?" అంది పద్మప్రియ. ఆమె కళ్లు అప్పటికే లారీ మీద ఉన్నాయి. పక్కల ఉన్న టమోటా పెట్టెల్లోంచి కట్టె ఊడి వేలాడుతోంది. కొన్ని పెట్టెల్లో పలకల సందులోంచి అవతలి వెలుతురు కనపడుతోంది.

"ఏం చెప్పల్ల మేడమ్. రాప్తాడు ఇంగా రాకముందే ఇంజను కాగిపోయింది. రేడియేటరుకు నీళ్లు కావల్ల గదా. క్యాను ఎత్తుకోని మొదుటి బోరు కాడికి పోతి, ఎండిపోయింది. రెండో బోరు కాడికి పోతి, అదీ ఎండిపోయింది. కడాకు ఒక తోటకాడ బతిమాలుకోని అరక్యాను తెస్తి. తిరిగొచ్చి చూస్తే బండి చుట్టూ తిరనాల."

"మరి హనుమంతన్న బండ్లోనే ఉండాడు గదా?"

క్యాబిన్ అవతలి తలుపు తెరుచుకుంది. హనుమంతప్ప నెమ్మదిగా దిగాడు. చెవుల మీద, మీసం మీద బట్టీ బూడిద ఇంకా పోలేదు. ఈ లోడు కోసం ఆయన వారంగా బట్టీ దగ్గరే పడుకున్నాడని పద్మప్రియకు తెలుసు. ఆయన తలెత్తలేదు.

"నాదే తప్పు తాయీ. కన్ను మూతపడింది. నిద్దట్లో సద్దు ఇనపడింది. కరకర, కరకర అని. వాన అనుకున్నా."

ఆయన తువ్వాలుతో మీసం మీది బూడిద తుడుచుకున్నాడు.

"వాన సద్దు ఇని ఎన్నాళ్లాయ. లేస్తే యాడ నిలబడిపోతాదోనని కండ్లు ఇంగా గట్టిగా మూసుకుంటి."

నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేకపోయింది. ఆమె నవ్వితే సుంకన్న నవ్వాడు, సుంకన్న నవ్వితే షెడ్డంతా నవ్వింది. గొర్రెల ముసలాయన కూడా, అప్పటిదాకా కోపంగా ఉన్నవాడు, పళ్లు లేని నోరు తెరిచి నవ్వాడు. ఆయన పేరు ముత్యాలప్ప అట. "వాన అనుకున్నెంట" అని ఆయన తన గొర్రెల్లో ఒకదానికి చెప్పాడు. హనుమంతప్ప ముఖంలో కూడా నవ్వో ఏడుపో తెలియని వంకర ఒకటి కదిలింది.

"నవ్వడం అయిపోతే పెట్టెలు దించండి" అన్నాడు భరత్‌కుమార్.

నవ్వు ఆగింది.

"దావలో గొర్రెలు తినేదాన్ని ప్యాకింగ్ అంటారా పద్మప్రియా? ఇంక బస్టాండులో ఆవులుంటాయి, వాటికీ చెప్తే సరి. థర్మకోల్‌ను ఏ జీవమైనా ముడుతుందా?"

"మా నాయన గొర్రె ముట్టింది సార్" అంది పద్మప్రియ.

మాట మెల్లగానే వచ్చింది. భరత్‌కుమార్ ముఖం తిప్పుకున్నాడు. చెడ్డ మనిషి కాడు ఆయన. ఆ గొర్రె సంగతి విన్నప్పుడు ఆయన కూడా రెండు రోజులు వంక వైపు చూడలేదు. కానీ లెక్క ముందు మనసు రాకూడదని కాలేజీలో చదువుకుని వచ్చాడు, అంతే.

పద్మప్రియకు తన మీద తనకే ఒళ్లు మండింది. గుంతల్లో బండి ఎగిరితే ఏమవుతుందో ఆలోచించింది. తేమ తగిలితే ఏమవుతుందో ఆలోచించింది. పెట్టె మీద పెట్టె ఎన్ని ఎత్తవచ్చో హనుమంతప్పతో కూర్చుని వాదించింది. గొర్రెలున్న ఇంట్లో పుట్టి, మేత లేని ఏడాది, మేతను సందులున్న పెట్టెల్లో పెట్టి రోడ్డు మీదికి పంపింది. ఆకలిగొన్న నోరు ఒకటుంటుందని మాత్రం ఆలోచించలేదు. ఇంట్లో తెలిస్తే బయ్యన్న వారం రోజులు నవ్వుతాడు.

"బాండ్లి తెండి."

రామకృష్ణయ్య వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. పాతికేళ్లు శనగనూనె వ్యాపారం చేసి, అది పడిపోయాక ఈ కంపెనీ పెట్టిన మనిషి. ఆయన వచ్చి కాలితో కట్టెను కదిలించాడు, వంగి ఒక తీగ తీసి వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"మాట మాటే. గొర్రెలొచ్చినా సరే, ఏనుగులొచ్చినా సరే. బాండ్లి నిండితే బెంగళూరు. కానీండి."

* * *

గోనెపట్టలు పరిచారు. నాగలక్ష్మమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఒక్కో పెట్టె విప్పి, ఒక్కో ఫ్యూజు తీసి, గోటితో కొట్టి చూస్తున్నారు. బాగున్నది గంటలా మోగుతుంది. నెర్రె ఉన్నది మూగగా పలుకుతుంది. మూగది బాండ్లిలోకి పోతుంది.

ముందు పక్క పెట్టెలు విప్పారు. గొర్రెలు మేసిన పెట్టెలు. కట్టె పోయి ఫ్యూజులు ఒకదానికొకటి తగిలి ఉన్నాయి. టక్. బాండ్లిలో ఒకటి పడింది. టక్. ఇంకొకటి. కాసేపు అదే చప్పుడు. పద్మప్రియ చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. హనుమంతప్ప చూడలేక అటు తిరిగి కూర్చున్నాడు, కానీ ప్రతి టక్‌కూ ఆయన భుజం కదులుతోంది.

భరత్‌కుమార్ బాండ్లి వైపు చూడడం లేదు. రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఏం భరతూ" అన్నాడు రామకృష్ణయ్య, "ఇంకా గొర్రెలొస్తాండాయేమో చూస్తాండావా?"

"లేదు నాయనా. ఊరికే."

బాండ్లి సగం దాటింది. ముప్పావు దాటింది. ఆ తర్వాత చప్పుడు ఎందుకో తగ్గింది. పద్మప్రియ చూసింది. నాగలక్ష్మమ్మ చేతులు చురుగ్గానే కదులుతున్నాయి, కానీ మూగగా పలికిన ఫ్యూజు బాండ్లి వైపు పోకుండా ఇంకెక్కడికో పోతోంది.

"నాగలక్ష్మక్కా, ఒడిలో ఏముండాది?"

"ఒడిలోనా? వక్కాకు తిత్తి."

"లెయ్యి అక్కా ఒకసారి."

"లేస్తే నడుము పట్టేస్తాది పాపా."

"అక్కా."

నాగలక్ష్మమ్మ ఆమె వైపు కోపంగా చూసింది. తర్వాత లేచింది. ఒడిలోంచి పగిలిన ఫ్యూజులు గలగల రాలాయి. పద్మప్రియ వంగి వాటిని ఏరి తన చేత్తోనే బాండ్లిలో వేసింది. బాండ్లి అంచుకు రెండు వేళ్ల కిందికి వచ్చింది.

"నీ కోసమే గదే చేస్తి. మంచికి కాలం లేదు" అని నాగలక్ష్మమ్మ గొణిగింది.

"గెలిస్తే ఇట్ల గెలవకూడదక్కా. రేపు ఇంకో లోడు వస్తాది. అప్పుడు నీ ఒడి చాలదు."

రామకృష్ణయ్య కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ ఈ మాట విన్నాడు.

మధ్య వరుస పెట్టెలు దిగాయి. నాగలక్ష్మమ్మ మూతి ముడుచుకునే మొదటి పెట్టె విప్పింది. ఫ్యూజు తీసి కొట్టింది. గంటలా మోగింది. ఇంకొకటి. మోగింది. పెట్టె ఖాళీ అయ్యేదాకా బాండ్లి వైపు ఏమీ రాలేదు. రెండో పెట్టె విప్పింది, అదీ అంతే. మూడో పెట్టెకు ఆమె ముడుచుకున్న మూతి విడిపోయింది.

"ఏమప్పా హనుమంతన్నా, ఇటు తిరగప్పా. ఇవి మోగుతాండాయి చూడు, గుళ్లో గంటల మాదిరి."

హనుమంతప్ప తిరిగాడు. రామకృష్ణయ్య ఆ పెట్టెలోంచి గుప్పెడు కట్టె తీసి చూశాడు. మొదట లారీ పక్కన తీసిన తీగ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టాడు. మధ్య పెట్టెలోది గట్టి తొడిమ, ముతక కట్టె. పక్క పెట్టెలోది ఆకు రాలని లేత తీగ, పచ్చిదనం ఇంకా పోనిది.

"రెండు రకాలు ఎందుకు వేసినావు హనుమంతప్పా?"

హనుమంతప్ప లేచి నిలబడ్డాడు. చెప్పాలా వద్దా అన్నట్టు పద్మప్రియ వైపు చూశాడు.

"పెద్ద కంపెనీకి పోయే సరుకు గదా స్వామీ. ఎదురుగా కనపడేది బాగుండల్ల అని, ఇంట్లో పాడావుకు దాచిపెట్టిన మంచి ఆకుకట్టె పక్క పెట్టెలకు పెట్టినా. లోపల ఎవురు చూస్తారు లే అని ముతకది."

"పాడావు" అంటే పాలిచ్చే ఆవు. దాని నోటి దగ్గరి మేత తీసి ఈయన కంపెనీకి మర్యాద చేశాడు. ఆ మర్యాదను ముత్యాలప్ప గొర్రెలు దారిలో అందుకున్నాయి.

"అదీ సంగతి" అన్నాడు ముత్యాలప్ప, గేటుకు ఆనుకుని. "నేను అప్పుడే అనుకుంటి. ఉత్త కట్టెకు నా గొర్లు ఇంత దూరం పరిగెత్తవు. వాటికీ ఒక పద్ధతుండాది."

ఈసారి రామకృష్ణయ్య నవ్వాడు. ఆయన నవ్వు షెడ్డులో ఎవరూ పెద్దగా విన్నది కాదు. లోపల్నుంచి దగ్గులాగా మొదలై, భుజాలు కదిలేదాకా పోయింది. "మర్యాద ఎక్కువై పగిలిందన్నమాట మన సరుకు" అని కళ్లు తుడుచుకున్నాడు.

చివరి పెట్టె ఆయనే విప్పాడు. పంచె ఎగ్గట్టి గోనెపట్ట మీద చతికిలబడి, ఒక్కొక్కటే తీసి గోటితో కొట్టాడు. ఒక్కటి మూగగా పలికింది. ఇంకోసారి కొట్టాడు. మూగే. దాన్ని బాండ్లిలో వేసి, కుప్పను అరచేత్తో సమంగా సర్ది, అంచు మీద ఒక పుల్ల అడ్డంగా పెట్టి చూశాడు. పుల్లకు కింద ఖాళీ ఉంది. వేలు దూరింది.

"నిండలేదు" అన్నాడు.

పద్మప్రియ వేలికి చుట్టుకున్న చున్నీ అంచు విప్పింది.

అందరూ భరత్‌కుమార్ వైపు చూశారు. ఆయన వచ్చి బాండ్లి ముందు గొంతుక్కూర్చున్నాడు, కాసేపు చూశాడు.

"గొర్రెలు మేయకపోయింటే ఇందులో అడుగు కూడా నిండేది కాదు" అన్నాడు. పైకే అన్నాడు, అందరికీ వినపడేట్టు. "ముతక కట్టె థర్మకోల్ కన్నా బాగా పట్టుకుంది. నేను అనుకోలేదు."

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం పద్మప్రియకు బాండ్లి నిండకపోవడం కన్నా ఎక్కువ అనిపించింది.

* * *

ఉగ్గాని, బజ్జీలు తెప్పించాడు రామకృష్ణయ్య. విస్తరాకుల్లో పెట్టుకుని, లారీ నీడలో అందరూ కూర్చున్నారు. ముత్యాలప్పకు రెండు విస్తళ్లు పెట్టారు. తీసిన కట్టెనంతా గేటు పక్కన కుప్ప పోశారు. గొర్రెలు ఇక అరవలేదు. వరసగా తలలు వంచి, హనుమంతప్పకు కలలో వినపడిన ఆ కరకరే చేశాయి.

"వాన పడతాంది చూడు హనుమంతన్నా" అన్నాడు సుంకన్న.

"పడనీ" అన్నాడు హనుమంతప్ప. ఈసారి ఆయన ముఖంలో ఉన్నది నవ్వే.

మాటలు తినే చోటే నడిచాయి. ఆకుకట్టె ఇక పాడావుకే, పెట్టెకు ముతకదే అని పద్మప్రియ అంది. ముతకదైనా ఆకలేస్తే గొర్రె వదలదు, సందులు మూయాల్సిందే అని ముత్యాలప్ప అన్నాడు. "పెట్టెకు లోపల గోనెపట్ట కుట్టిస్తే?" అన్నాడు భరత్‌కుమార్. ఆయనే ఒక పుల్ల తీసుకుని నేల మీద పెట్టె బొమ్మ గీశాడు. "మన దగ్గర చిరిగిన గోనెలు షెడ్డు నిండా ఉండాయి. ఒకసారి కుడితే పెట్టెతో పాటే పోతాది, పెట్టెతో పాటే వస్తాది." హనుమంతప్ప ఆ బొమ్మ మీద వేలు పెట్టి, మూలల్లో ఇంకో పొర కావాలన్నాడు. ఇద్దరూ వంగి గీతలు దిద్దుతుంటే పద్మప్రియ బజ్జీ కొరకడం మరిచిపోయి చూసింది. వారం కిందట ఈ ఇద్దరిలో ఒకరు ఇంకొకరి ఆర్డరు తీసేయాలని కూర్చున్నారు.

"లారీ ఏ పొద్దు వస్తాదో ముందే చెప్పి పంపమ్మయ్యా" అన్నాడు ముత్యాలప్ప. "మందను ఇటుపక్క తోలుకొస్తా. దావలో కాదు లే, గేటు కాడికే."

ఖాళీ పెట్టెలు, పాత గోనెపట్టలు సుంకన్న లారీలోకి ఎత్తేశారు. నాగలక్ష్మమ్మ అలవాటు కొద్దీ లేచింది. రోజూ లోడు విప్పాక చెత్త గంప నెత్తికెత్తుకుని వెనక గోడ దగ్గరికి పోవడం ఆమె పని. గంప తీసుకుంది, చుట్టూ చూసింది. ఎత్తడానికి ఏమీ లేదు. గంప బోర్లించి దాని మీదే కూర్చుంది.

"ఏం పాపా, నా పనికి ఎసరు పెట్టినావే."

"గోనెపట్టలు కుట్టే పని నీదే అక్కా."

"కూలి ఎక్కువిప్పియ్యి మరి. ఒడిలో దాయడం కన్నా కష్టం అది."

పద్మప్రియ నవ్వుతూ వెనక గోడ వైపు చూసింది. గోడకు అవతల వంక, వంకకు అవతల తన ఊరు. ఈ రాత్రి ఈ కథ తండ్రికి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో ఆలోచించింది. గొర్రెలు పరుగెత్తుకు రావడం దగ్గర మొదలుపెడితే ఆయన మధ్యలో ఆగనివ్వడు.

అప్పుడు గమనించింది. భరత్‌కుమార్ నేల మీది బొమ్మ దగ్గర లేడు. వరండాలో నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. అవతల ఎవరూ ఎత్తడం లేదేమో, తీసి మళ్లీ నొక్కుతున్నాడు. మళ్లీ తీస్తున్నాడు. ఇందాక బొమ్మ గీసినప్పటి ఉత్సాహం ముఖంలో లేదు.

గేటు బయట హారన్ మోగింది.

కర్ణాటక నంబరు లారీ. కొత్తది, పెద్దది. దాని నిండా తెల్ల అట్టపెట్టెలు, ఒక్కోదాని మీద ప్లాస్టిక్ చుట్టి మెరుస్తున్నాయి. లోపలికి రావడానికి దారి లేదు. బయట మిగిలిపోయిన సగం మంద గేటుకు అడ్డంగా పడుకుని ఉంది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఒక పొట్టేలు లేచి లారీ వెనక్కి పోయింది, కిందికి వేలాడుతున్న ప్లాస్టిక్ అంచును వాసన చూసింది, తుమ్మి వెనక్కి వచ్చి పడుకుంది.

"భరతూ" అన్నాడు రామకృష్ణయ్య. "ఎవురిదిరా ఆ లారీ?"

భరత్‌కుమార్ మెట్లు దిగి వచ్చాడు. తండ్రి ముందు నిలబడ్డాడు. పొద్దున్నించి ఆయన చూసిన రోడ్డు, చూసిన ఫోను ఎందుకో పద్మప్రియకు అప్పుడు అర్థమైంది.

"బెంగళూరోళ్లది నాయనా. నేనే రమ్మంటి. బాండ్లి నిండుతాదనే అనుకుంటి. సరుకు అందుబాట్లో ఉండల్లని మొన్ననే చెప్పేస్తి. ఇందాకటి నుంచి ఆపమని చెప్దామని చూస్తాండా, అందడం లేదు."

కరకర కూడా ఆగిపోయినట్టయింది. హనుమంతప్ప భుజం మీది తువ్వాలుతో ఒక ఫ్యూజును తుడుస్తూ తుడుస్తూ, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. భరత్‌కుమార్ ఆయన వైపు చూడలేకపోయాడు.

రామకృష్ణయ్య కొడుకును తిట్టలేదు. కళ్లద్దాలు సర్దుకుని పద్మప్రియ వైపు తిరిగాడు.

"పాపా. కొనే పని నీది. మాట నెగ్గింది నీది. ఆ లారీని లోపలికి రానియ్యల్లనా, వచ్చిన దావనే పంపియ్యల్లనా, నువ్వే చెప్పు. ఈ పొద్దు నువ్వు చెప్పిందే."

పద్మప్రియ విస్తరాకు కింద పెట్టింది. చున్నీతో చేతులు తుడుచుకుంది. గేటు దాకా నడిచింది. అడ్డం పడుకున్న గొర్రెల మీదుగా ఆ తెల్లపెట్టెలను చూసింది, వాటి వెనక క్యాబిన్‌లో చెమటలు కక్కుతున్న డ్రైవరును చూసింది. ఏదో లెక్క వేసుకున్నట్టు ఆమె పెదవులు కదిలాయి.

తర్వాత వాచ్‌మన్ వైపు తిరిగింది.

"ముత్యాలప్ప తాతను గొర్లు పక్కకు తోలమని చెప్పన్నా" అంది. "గేటు తియ్యి. ఆ లారీని లోపలికి రానీ."

హనుమంతప్ప చేతిలోని ఫ్యూజు జారి నేల మీద పడింది. పగిలిన ఆ ముక్కలను బాండ్లిలో వేయాలని ఎవరికీ తోచలేదు.